చుక్కలమ్మ చూపుడువేలు

మా ప్రెస్సులో ఆవిడని అందరూ చుక్కలమ్మ అనేవారు. మాది చూపులేని వాళ్ళ కోసం పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సు. ఇక్కడ అక్షరమంటే కాగితం మీద ఉబికివచ్చిన చుక్కలు. ఆ చుక్కల్ని వేలితో తడిమి తప్పులు పట్టడం ఆవిడ ఉద్యోగం. మూడేళ్ళ వయసులో జ్వరం వచ్చి ఆవిడకి చూపు పోయింది. ఎవరైనా జాలిపడబోతే, "మూడేళ్ళలో నేను చూసిందేముంది, పోగొట్టుకోడానికి?" అని నోరు మూయించేది.

నేను ఆవిడకి కాపీ పట్టేదాన్ని. అంటే, ఆవిడ చుక్కల పేజీని పైకి చదువుతుంటే, ఎదురుగా కూర్చుని మామూలు అచ్చు పుస్తకంలో అదే పేజీని కళ్ళతో చూసుకుంటూ పోవాలి. రెండూ ఎక్కడ కలవకపోతే అక్కడ ఆపాలి. ఈ సంగతి జరిగేనాటికి పద్నాలుగేళ్ళుగా ఒకే బల్లకి అటొకరం ఇటొకరం కూర్చుంటున్నాం. ఆవిడ నన్ను వదినా అనేది, నేనూ ఆవిడని వదినా అనేదాన్ని. ఇద్దరిలో ఎవరు ఎవరికి ఆడపడుచో మాత్రం ఎప్పుడూ తేల్చుకోలేదు.

ఆవిడ మొండితనం గురించి ఒక్కటి చెబుతాను. ఒకసారి భూగోళం పుస్తకం మూడు వందల ప్రతులు కుట్టు కూడా అయిపోయాక, ఒక పేజీలో ఒక్క చుక్క లేవలేదని కనిపెట్టింది. మా లిపిలో 'ల'కి మూడు చుక్కలు. కిందిది లేకపోతే అది 'బ' అవుతుంది. దాంతో "నది మధ్య ఏర్పడే చిన్న భూభాగాన్ని బంక అంటారు" అని మూడు వందల పుస్తకాల్లోనూ పడింది. మేనేజరు, "ఒక్క చుక్కే కదమ్మా, పిల్లలు అర్థం చేసుకుంటారులే," అన్నాడు.

"కళ్ళున్న పిల్లల పుస్తకంలో లంకని బంక అని వేస్తే ఊరుకుంటారా? మా పిల్లలు మాత్రం సర్దుకుపోవాలా?" అని, ఆ పేజీ మళ్ళీ వేయించేదాకా కట్టల మీదే కూర్చుంది. నిజంగానే కూర్చుంది. మధ్యాహ్నం భోజనం కూడా వాటి మీదే చేసింది.

అలాంటి మనిషికి నలభై నాలుగో ఏట వేళ్ళు మొరాయించాయి.

మొదట్లో తమాషాగానే చెప్పింది. "పొద్దున్నే నా చేతులు నా మాట వినట్లేదు వదినా. తొమ్మిదిన్నర దాటితే గానీ వాటికి బుద్ధి రావట్లేదు." లేవగానే పిడికిలి ముడుచుకునేది కాదట. కుళాయిని మోచేత్తో నెట్టి తిప్పేదట. చలికాలం కదా అన్నాను నేను. చలికాలం పోయింది గానీ వేళ్ళ బిగుతు పోలేదు. పని మధ్యలో ఒక చేత్తో ఇంకో చేతి మెటికల్ని తడుముకునేది. "ఎడమ చూపుడువేలి మెటిక పిండిముద్దలా ఉంది, పట్టుకు చూడు," అనేది. చూస్తే నాకు మామూలుగానే కనిపించేది. పట్టుకుంటే మాత్రం వెచ్చగా, మెత్తగా తగిలేది.

ఒకరోజు లెక్కల పుస్తకం చదువుతున్నాం. ఆవిడ "మూడు" అంది. నా పేజీలో ఐదుంది.

"వదినా, నాకు ఐదుంది."

"ఇక్కడ మూడే. తప్పు రాసుకో."

రాసుకున్నాను. ఆవిడ వేలు వెనక్కి వెళ్ళింది. అక్కడే రెండుసార్లు తచ్చాడింది.

"కొట్టెయ్ వదినా. ఐదే."

అన్న మాట ఆవిడ వెనక్కి తీసుకోవడం పద్నాలుగేళ్ళలో అదే మొదలు. ఆ పూట మరో రెండుసార్లు అలాగే అయింది. వేలి కొస తిమ్మిరెక్కి, చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయంది. పేజీ మధ్యలోనే పుస్తకం మూసి పక్కన పెట్టేసింది. ఆవిడ పేజీ మధ్యలో పని ఆపడం నేనెరగను. నాకు భయమేసింది.

మర్నాడు ఆవిడ భర్త, నేను కలిసి ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయనది తాళాలు బాగుచేసే దుకాణం. గట్టిగా తుమ్మితే ఎదుటివాళ్ళు ఏమనుకుంటారో అని ఆలోచించే మనిషి. డాక్టరు ఎక్స్‌రే తీయించి, దీపానికి అడ్డంపెట్టి చూశాడు.

"ఎముకలు నిక్షేపంగా ఉన్నాయి. ఏమీ లేదమ్మా."

"ఏమీ లేకపోతే పిడికిలి ఎందుకు ముడుచుకోవట్లేదండీ?"

"వయసు. పని ఒత్తిడి. ఓ నెల రెస్టు తీసుకో. నొప్పి బిళ్ళలు రాస్తాను."

"మరి తిమ్మిరెందుకు?"

డాక్టరు విసుక్కున్నాడు. "నీకు కనపడదు కాబట్టి భయం ఎక్కువ. లేనిపోనివన్నీ ఊహించుకుంటావు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ మాత్రం నింపాదిగా లేచి నిలబడింది.

"నాకు కనపడదని నాకు నలభై ఏళ్ళుగా తెలుసండీ. మీకు కనపడలేదని మీకే ఇంకా తెలియలేదు. ఆ ఫిల్ములు ఇటిప్పించండి."

బయటికి రాగానే భర్త లబలబలాడాడు. "డాక్టర్లతో పెట్టుకోకే బాబూ! రేపు మళ్ళీ వాళ్ళ దగ్గరికే పోవాలి."

"పోతాను కాబట్టే పెట్టుకుంటున్నాను," అంది.

పెద్దాసుపత్రిలో కీళ్ళ జబ్బులకి వేరే విభాగం ఉందని ఎవరో చెబితే అక్కడికి వెళ్ళాం. అక్కడి డాక్టరు నిదానస్తుడు. ఒక్కో మెటికనీ రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కి చూశాడు. రక్తపరీక్షలు రాశాడు. వారం తర్వాత ఫలితాలు చూసి తల గోక్కున్నాడు.

"రుమటాయిడ్ కీళ్ళవాతం అనిపిస్తోందమ్మా. ఒంటిని కాపాడాల్సిన బలగమే దారితప్పి కీళ్ళ మీద పడే జబ్బు. కీలు లోపల పల్చటి పొర ఒకటుంటుంది. అది వాచి, మందమై, పక్కనున్న ఎముకని తినడం మొదలుపెడుతుంది. కానీ మీ రక్తంలో దాని గుర్తులేవీ రాలేదు. కొందరికి జబ్బున్నా రావు. మూడు నెలలాగి మళ్ళీ ఎక్స్‌రే తీద్దాం."

"మూడు నెలల్లో అందులో మీకేం కనపడాలి?"

"ఎముక అంచున చిన్న గుంట పడితే ఇక అనుమానం ఉండదు."

"పడిన గుంట మళ్ళీ పూడుతుందా?"

"పూడదనే అనుకోవాలి."

"అంటే నా ఎముక పాడైతే గానీ దాన్ని కాపాడే మందివ్వరన్నమాట!"

డాక్టరు కోపగించుకోలేదు. "ఆ మందు మామూలుది కాదమ్మా, కాలేయాన్ని కనిపెట్టుకుని ఉండాలి. జబ్బు లేనివాళ్ళకిస్తే అదో తప్పు."

"అయితే జబ్బుందో లేదో ముందుగానే పట్టుకునే యంత్రం ఇంత ఆసుపత్రిలో ఒక్కటీ లేదా?"

ఉందని ఒప్పుకున్నాడు. అల్ట్రాసౌండులో పొర వాపు తెలుస్తుంది. ఎమ్మారైలో ఎముక లోపలి వాపు కూడా తెలుస్తుంది. "కానీ వేళ్ళకి అవి మామూలుగా రాయం. అక్కడ వరసలో గర్భిణులుంటారు, గుండెజబ్బు వాళ్ళుంటారు."

"వాళ్ళ వెనకే నుంచుంటాను. మీరు రాయండి."

ఆయన రాశాడు. రాస్తూ నావైపు చూశాడు, ఈవిడెప్పుడూ ఇంతేనా అన్నట్టు. నేను తలూపాను.

స్కానింగుకి ఆరు వారాల తర్వాతి తేదీ ఇచ్చారు. "మధ్యలో ఎవరైనా రాకపోతే చూద్దాంలెండి," అన్నాడు కిటికీలో మనిషి, మాటవరసకి. మాటవరసకి అన్నదాన్ని కూడా ఆవిడ అచ్చులో పడ్డ మాటలాగే పట్టుకుంటుంది. మర్నాడు మేనేజరుతో "పని ఆగదు, చోటు మారుతుంది, అంతే," అని చెప్పి, ప్రూఫుల కట్ట నా చంకలో పెట్టించి, స్కానింగు గది బయట బెంచీ మీద మకాం పెట్టింది.

అప్పుడు మేం చూస్తున్నది న్యాయశాస్త్రం పుస్తకం. మాది పైకి చదివే పని. ఎడమ వేలు తిమ్మిరెక్కితే కుడి వేలితో, అదీ మొండికేస్తే కాసేపు ఆగి, ఆవిడ ఖంగుమని చదువుతోంది. "అద్దెదారు తాను ఖాళీ చేయనని భీష్మించినచో, యజమాని మొదట లిఖితపూర్వకమైన నోటీసు ఇవ్వవలెను." వరండాలో వాళ్ళంతా వింటున్నారు. రెండో రోజుకి ఒక పెద్దాయన తన ఇంట్లో వాటా తగాదా తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. నర్సు వచ్చి నెమ్మదిగా చదువుకోమంది. "నెమ్మదిగా చదివితే మా వదినకి వినపడదండీ," అంది ఆవిడ, అడుగు దూరంలో ఉన్న నన్ను చూపించి.

మూడో రోజు పన్నెండింటికి స్కానింగు డాక్టరమ్మే తలుపు తీసి బయటికొచ్చింది. చిన్న వయసే, కళ్ళలో నవ్వు.

"ఒకావిడ రానని ఫోను చేశారు, మీరు రండమ్మా. అవునూ, మీ అద్దెదారు ఖాళీ చేశాడా?"

"ఎక్కడండీ! పై కోర్టుకెళ్ళాడు."

లోపల మంచం పక్కన బల్లమీద ఆవిడ చేతులు పెట్టించి, చల్లటి జిగురు రాసి, సబ్బుబిళ్ళంత పరికరం మెటికల మీద ఆనించింది డాక్టరమ్మ. తెర మీద బూడిదరంగు చారలు కదిలాయి. ఆవిడ ఊరుకుంటుందా?

"బొమ్మ ఎలా ఉందో నాకు చెప్పాలి మీరు."

డాక్టరమ్మ ఏవో పొడుగాటి పేర్లు చెప్పబోయింది.

"పేర్లొద్దు. మీకేం కనపడుతోందో అది చెప్పండి."

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "సరే. ఎముక అంచు తెల్లటి గీతలా ఉంది. ఎక్కడా తెగలేదు. దాని మీద పొర కాగితంలా ఉండాలి, తడిసిన దుప్పటిలా ఉబ్బి ఉంది. అందులో రక్తం ఎక్కువగా పారుతోంది. ఆ చోట ఎర్రగా, నారింజరంగులో మెరుస్తోంది."

"ఎరుపు నాకు పనికిరాదు. ఇంకోలా చెప్పండి."

డాక్టరమ్మ ఏదో మీట నొక్కింది. గదిలో చప్పుడు మొదలైంది. హుష్... హుష్... హుష్... కొలిమి తిత్తి ఊదుతున్నట్టు.

"ఇది మీ చూపుడువేలి మెటికలో పారుతున్న రక్తం," అంది. తర్వాత పరికరాన్ని చిటికెనవేలి మీదికి జరిపింది. ఏమీ లేదు. "బాగున్న కీలు పొరలో ఇంత పారుదల ఉండదు. అందుకే నిశ్శబ్దం."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ ముఖం మాత్రం వెలిగిపోయింది. అంత చెడ్డవార్త విని అంత సంతోషపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

"విన్నావా వదినా? నేను ఊహించుకున్నది వినపడుతోంది!"

ఒక్కో కీలూ వినిపించమంది. సంచీలోంచి చుక్కలు గుచ్చే తన పలకా సూదీ నాచేత తీయించి, చప్పుడున్నవి ఒకవైపు, లేనివి ఒకవైపు నొప్పి చేత్తోనే పొడిచి రాసుకుంది. ఎడమ చూపుడువేలు, మధ్యవేలు, మణికట్టు. కుడి చూపుడువేలు, మణికట్టు. మొత్తం ఐదు మోగాయి. మణికట్టులో వాపు అక్కడి నరాన్ని నొక్కుతోందనీ, వేలి తిమ్మిరి అందువల్లేననీ డాక్టరమ్మ తేల్చింది.

స్కానింగు రిపోర్టుతో కీళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి ఆయన ఎమ్మారైకి కూడా తనంతట తనే రాశాడు. ఆ సొరంగంలో బోర్లా పడుకుని, చెయ్యి ముందుకి చాపి, ముప్పావుగంట కదలకూడదు. చుట్టూ సుత్తులతో బాదుతున్నట్టు మోత. బయటికొచ్చి, "మన అచ్చు యంత్రమే నయం. తాళంలో కొడుతుంది," అంది.

ఫలితం చెప్పేటప్పుడు డాక్టరు దాచలేదు. ఎడమ చూపుడువేలి మెటికలోను, మణికట్టులోని రెండు చిన్న ఎముకల్లోను లోపల కూడా వాపు మొదలైంది. ఎముక లోపల అలా నీరు చేరిన చోటే, ఏడాది రెండేళ్ళలో గుంటలు పడే ప్రమాదం మిగతా చోట్లకంటే చాలా ఎక్కువ.

"అలాగని ఇది నుదుటి రాత కాదమ్మా," అన్నాడు ఓదార్పుగా.

"రాతే అనుకోండి. రాతలో తప్పులు దిద్దడమే కదండీ నా ఉద్యోగం. మందు రాయండి."

వారానికి ఒక్కరోజు వేసుకునే బిళ్ళలు. నెలనెలా రక్తపరీక్ష. బిళ్ళలు వేసుకున్న మర్నాడంతా కడుపులో తిప్పేది, అన్నం చూస్తే మొహం మొత్తేది. దువ్వెనకి జుట్టు ఊడి వచ్చేది. "మానేయకూడదుటే?" అని భర్త గొణిగితే, "మానేస్తే నువ్వొచ్చి చదువుతావా ప్రూఫులు?" అనేది. ఆయన తాళాల దుకాణానికి వెళ్ళిపోయేవాడు.

ఇంతలో మేనేజరుకి కబురు తెలిసింది. ఆయన చెడ్డవాడు కాడు. పనులు సాఫీగా నడవాలనే రకం. ఒక కాగితం పంపాడు. ఆరోగ్య కారణాల దృష్ట్యా ఆవిడని టెలిఫోను బల్లకి మార్చడమైనదని. నేను చదివి వినిపించాను. ఆవిడ కాగితాన్ని వేలితో రుద్దింది. నున్నగా ఉంది.

"అందరికీ చుక్కల పుస్తకాలేసిచ్చే ప్రెస్సు నాకు సిరా కాగితమిచ్చిందా? నేను చదవలేని ఉత్తర్వు నాకు అందినట్టు కాదు."

మేనేజరు పళ్ళు నూరుకుని చుక్కల్లో వేయించి పంపాడు. ఆవిడ అందులో రెండు తప్పులు దిద్ది వెనక్కి పంపింది. మూడోసారి తప్పుల్లేకుండా వచ్చాక, చెప్పినట్టే లేచి టెలిఫోను బల్ల దగ్గరికి వెళ్ళింది. కానీ ఫోను మోగితే "ప్రూఫ్ రీడింగు!" అనే ఎత్తేది. ఎవరు చెప్పినా మానలేదు.

అక్కడ కూర్చుని ఆవిడ చేసిన పని ఎవరికీ తెలియదు, నాకు తప్ప. స్కానింగులో చప్పుడు లేని కీళ్ళ పట్టీ తీసి, కుడి ఉంగరపువేలిని ఎంచుకుంది. వాపు వచ్చే సూచనలేవీ లేని వేలు. ఎప్పుడూ చదవని వేలు కూడా. దాన్ని బడిలో వేసింది. బల్ల సొరుగులో ఒకటో తరగతి వాచకం పెట్టుకుని, ఫోనుకీ ఫోనుకీ మధ్య అక్షరమక్షరం తడిమేది. "మొద్దు వేలు వదినా. 'అల' అని చదవడానికి అరగంట తింటోంది," అని నవ్వేది. ఓసారి మాత్రం నవ్వలేదు. నేను వెళ్ళేసరికి పుస్తకం కింద పడి ఉంది. తీయబోతే "వద్దు, నేనే తీస్తాను," అంది. వంగి, నేలంతా తడిమి, తీసుకుంది.

నాలుగు నెలలు గడిచాయి. మందు పనిచేయడం మొదలుపెట్టింది. పొద్దుటి బిగుతు అరగంటకి తగ్గింది. మణికట్టు వాపు దిగి తిమ్మిరి వదిలింది. ఆవిడ మేనేజరు గదిలోకి నేరుగా వెళ్ళింది.

"ముప్పై పేజీలివ్వండి. మీ ఇష్టం వచ్చినన్ని తప్పులు పెట్టండి. పట్టుకోలేకపోతే రిటైరయ్యేదాకా మీ ఫోను ఎత్తుతాను."

మేనేజరు ఇరవై తప్పులు పెట్టించాడు, అదీ మాయదారి తప్పులు. ప్రెస్సు ప్రెస్సంతా చుట్టూ చేరింది. ఆవిడ ఎడమ చూపుడువేలికి భారం లేకుండా, కుడి ఉంగరపువేలు ముందు నడుస్తూ చదివింది. ఇదివరకటి జోరు లేదు. ఒక్కోచోట ఆగి ఊపిరి పీల్చుకునేది. సాయంత్రానికి పూర్తిచేసి ఇరవై ఒకటి చెప్పింది. మేనేజరు పట్టీతో సరిచూశాడు. ఆయన పెట్టినవాటిలో పందొమ్మిది ఉన్నాయి. మిగతా రెండూ ఆయన పెట్టనివి, అసలు పుస్తకంలోనే ఎప్పటినించో ఉన్నవి.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ చిరాకుపడింది. "ఆ ఇరవయ్యోది ఎక్కడుంది? ముందు అది చెప్పండి." విన్నాక తలకొట్టుకుని, "అంత పెద్ద దీర్ఘం ఎలా వదిలేశానబ్బా!" అని వారం రోజులు తిట్టుకుంది. కానీ మర్నాటి నుంచి మా బల్ల మాకొచ్చింది.

ఏడాదికి మళ్ళీ స్కానింగులు చేశారు. ఐదు కీళ్ళలో నాలుగు ఊరుకున్నాయి. చూపుడువేలి మెటికలో ఎముక వాపు పోయింది, అంచు ఎక్కడా తెగలేదు. ఎడమ మణికట్టులో మాత్రం ఆవగింజంత గుంట పడింది. అది ఇక పూడదు.

"మందు మొదలుపెట్టకపోతే ఎన్ని పడేవి?" అనడిగింది.

డాక్టరు నిజాయితీపరుడు. "అది ఎవరూ చెప్పలేరమ్మా. చాలా పడేవని నేననుకుంటున్నాను."

ఆవిడకి ఆ 'అనుకోవడం' నచ్చలేదని ముఖమే చెప్పింది. గుంట ఎటువైపుందో అడిగి, ఆ చోటు తన మణికట్టు మీద ఆయన వేలితోనే చూపించమంది. తర్వాత, "మళ్ళీ స్కానింగు ఎప్పుడు?" అంది.

ఆ ఏడు చివర్లో ప్రెస్సుకి పెద్ద నిఘంటువు పని వచ్చింది. మామూలు అచ్చులో ఒక్క సంపుటం, చుక్కల్లో వేస్తే ఇరవై ఆరు. ఆరేళ్ళ పని. మేనేజరు మా బల్ల దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"దీన్ని కొత్తగా చేరిన వాళ్ళలో ఎవరికైనా ఇద్దామనుకుంటున్నానమ్మా. ఆరేళ్ళంటే మాటలు కాదు. మీ చేతులు..."

"ఆరేళ్ళకి నా చేతులెలా ఉంటాయో అంత పెద్ద డాక్టరే చెప్పలేకపోయాడు. మీరెప్పుడు చదివారండీ వైద్యం?"

మేనేజరు నావైపు చూశాడు. నేను కాపీ సర్దుకుంటున్నట్టు నటించాను.

"మొదటి సంపుటం సోమవారానికి నా బల్ల మీదుండాలి," అంది ఆవిడ.

సోమవారం వచ్చింది. నాలుగేళ్ళయింది. వాతావరణం మారితే ఇప్పటికీ మణికట్టు నొప్పి చేస్తుంది. అప్పుడు కాసేపు కుడి చేత్తో, కాసేపు తిట్లతో నెట్టుకొస్తుంది. ఆర్నెల్లకోసారి స్కానింగుకి వెళ్ళి చప్పుళ్ళు లెక్కపెట్టుకుని వస్తుంది. పదిహేడో సంపుటం అయింది. మేమిప్పుడు 'మ'లో ఉన్నాం.